స్టాటిక్-99ఆర్ రివ్యూ: పది ప్రశ్నలతో ఒక మనిషి రిస్క్ తేలుతుందా?

ముందే చెప్పేస్తున్నా, ఇది ఫోన్ కాదు, మిక్సీ కాదు, ఇది చదివేవాళ్లలో దాదాపు ఎవరికీ దీంతో పని పడదు. అయినా రివ్యూ రాయాలనిపించింది. ఎక్కడైనా అత్యాచారం వార్త రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో మొదట పడే ప్రశ్న ఒకటుంది కదా, "వీడు ఇంతకుముందు కూడా ఇలాంటి కేసులోనే లోపలికెళ్లొచ్చాడట, అసలెలా వదిలారు?" అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ప్రయత్నించే పనిముట్టు ఇది. పేరు స్టాటిక్-99ఆర్. లైంగిక నేరంలో శిక్ష పడ్డ మగవాడు బయటికొచ్చాక మళ్లీ అలాంటి నేరానికి దిగే రిస్క్ ఎంత అని అంచనా వేయడానికి కెనడాలో, అమెరికాలో, ఇంకా చాలా దేశాల్లో జైళ్లు, పరోల్ ఆఫీసులు, కోర్టులు దీన్ని వాడతాయి. కాలిఫోర్నియాలో అయితే రాష్ట్రమే అధికారికంగా ఎంచుకున్న స్కేలు ఇది. నేను అంటారియోలో ఉంటాను, జైలు నుంచి బయటికొచ్చినవాళ్ల పర్యవేక్షణకి సంబంధించిన ఉద్యోగం, కాబట్టి ఈ ఫారం నాకు బాగా అలవాటు.

ధర సంగతి ముందు. మాన్యువల్ ఉచితం, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. స్కోరు వేసే కాగితం ఒక్క పేజీ. అసలు ఖర్చంతా ట్రైనింగ్‌కి, ఆ తర్వాత పాత కేసు ఫైళ్లు తెప్పించుకుని కూర్చుని చదవడానికి. ఒక పేజీయే కదా అని ట్రైనింగ్ లేకుండా నింపేస్తే వచ్చేది స్కోరు కాదు, మీ అభిప్రాయం.

1999లో కెనడాకి చెందిన కార్ల్ హాన్సన్, బ్రిటన్ జైళ్ల శాఖలో పనిచేసిన డేవిడ్ థార్న్‌టన్ కలిసి దీన్ని తయారుచేశారు. అప్పటికే ఇద్దరి దగ్గరా చెరో చిన్న స్కేలు ఉంది, రెండిటినీ కలిపేశారు. 2012లో ప్రచురించిన సవరణే చివర్లో ఉన్న 'ఆర్'. పాతదాంట్లో వయసుకి సంబంధించి ఒకే గీత ఉండేది, పాతికేళ్లలోపా, ఆ పైనా అని. ముప్పై ఏళ్లవాడూ డెబ్బై ఏళ్లవాడూ ఒకే గాటన పడేవాళ్లు. వయసు పెరిగేకొద్దీ ఈ నేరాలు బాగా తగ్గుతాయని లెక్కలు చెబుతున్నా స్కేలు మాత్రం ముసలివాళ్ల రిస్క్ ఎక్కువగా చూపించేది. ఇప్పుడు 35 దాటనివాడికి ఒక మార్కు కలుస్తుంది, 35 నుంచి 40 దాకా సున్నా, 40 దాటితే ఒకటి తీసేస్తారు, 60 దాటితే మూడు తీసేస్తారు. మంచి మార్పు, ఇది లేకపోతే నేను స్టార్లు సగానికి తగ్గించేవాణ్ణి.

మిగతా తొమ్మిది ప్రశ్నలూ ఇంతే పొడిపొడిగా ఉంటాయి. భార్యతోనో భాగస్వామితోనో కనీసం రెండేళ్లు ఒకే ఇంట్లో కలిసి బతికాడా? ఈ కేసులోనే లైంగిక నేరం కాని హింసకి, కొట్టడమో బెదిరించడమో, విడిగా శిక్ష పడిందా? అంతకుముందు అలాంటివి ఉన్నాయా? ఇంతకుముందు లైంగిక నేరాల కేసులు ఎన్ని? ఈ కేసుకి ముందు మొత్తం మీద ఎన్నిసార్లు ఏ నేరానికైనా కోర్టు శిక్ష వేసింది? ముట్టుకోకుండా చేసే నేరాలు, అంటే బహిరంగంగా చూపించుకోవడం, చాటుగా చూడడం లాంటివి ఉన్నాయా? బాధితుల్లో బంధువులు కానివాళ్లు ఉన్నారా, పూర్తిగా ముక్కూమొహం తెలియనివాళ్లు ఉన్నారా, మగవాళ్లు లేదా మగపిల్లలు ఉన్నారా? అంతే. అన్నీ కలిపితే మైనస్ 3 నుంచి 12 మధ్య ఒక అంకె వస్తుంది. వాడి మనసులో ఏముంది, పశ్చాత్తాపం ఉందా, చిన్నప్పుడు ఏం జరిగింది, ఒక్క ప్రశ్న కూడా ఉండదు. వాడిని కలవకుండానే ఫైలు చూసి వేసేయొచ్చు.

ఇది ఎలా పనిచేస్తుందో చూపించడానికి ఇద్దరు మనుషుల్ని ఊహించుకుందాం, నిజం మనుషులు కాదు. మొదటివాడికి 43 ఏళ్లు, పెళ్లై చాలా ఏళ్లుగా కాపురం చేస్తున్నాడు, పోలీసు రికార్డు లేదు, అన్న కూతుర్ని చాలాకాలం వేధించి దొరికిపోయాడు. వయసుకి మైనస్ ఒకటి. మిగతా అన్నిటికీ సున్నాలు. మొత్తం మైనస్ 1, అంటే 'సగటు కంటే తక్కువ'. రెండోవాడికి 27, ఎవరితోనూ కలిసి బతకలేదు, రోడ్డు మీద తెలియని అమ్మాయి మీద దాడి చేశాడు, అడ్డొచ్చినవాణ్ణి కొట్టినందుకు విడిగా ఇంకో శిక్ష, అంతకుముందు ఒక లైంగిక నేరంలో శిక్ష. లెక్కేస్తే 6, అంటే 'సగటు కంటే చాలా ఎక్కువ' అనే గది. ఇక్కడే చాలామందికి ఒళ్లు మండుతుంది. ఇంట్లో పిల్లని ఏళ్ల తరబడి హింసించినవాడు తక్కువ రిస్కా? మండాలి కూడా. కానీ స్కేలు ఆ నేరం చిన్నదని అనడం లేదు, నేరం ఎంత ఘోరమైనదో కొలవడం దీని పనే కాదు, దానికి శిక్ష ఉంది. బయటికొచ్చాక ఇంకో లైంగిక నేరంలో పట్టుబడే అవకాశం, ఇలాంటి నేరస్తుల గుంపులో ఎక్కడుంది అన్నది మాత్రమే ఇది చెబుతుంది. మొదటివాడి రిస్క్ తక్కువే కానీ ఆ కాస్తా ఒకే ఇంట్లో, ఒకరిద్దరు పిల్లల మీదే పోగుపడి ఉంటుంది. ఆ పిల్ల ఉన్న ఇంటికి వాడిని తిరిగి పంపాలా వద్దా అన్నదానికి మైనస్ 1 అనే అంకె దగ్గర జవాబు లేదు. వాడి మీద ఎంత కాపలా పెట్టాలో ఇది చెబుతుంది, దేనికి కాపలా పెట్టాలో చెప్పదు. నా రివ్యూ మొత్తం ఈ ఒక్క మాటే అనుకోండి.

సరే, ఎంత కరెక్టుగా చెబుతుంది? మళ్లీ నేరం చేసి దొరికినవాణ్ణి ఒకణ్ణి, దొరకనివాణ్ణి ఒకణ్ణి తీసుకుంటే, వందసార్లలో సుమారు 70 సార్లు మొదటివాడికే ఎక్కువ స్కోరు ఉంటుంది. బొమ్మా బొరుసూ వేస్తే 50 వస్తుంది కాబట్టి ఇది అద్భుతం కాదు, చెత్తా కాదు. సైకాలజిస్టు కూర్చోబెట్టి మాట్లాడి 'నాకెందుకో వీడు డేంజర్ అనిపిస్తోంది' అని చెప్పే జోస్యం కన్నా మాత్రం నయం, ఇది ఒక పరిశోధనలో కాదు, పదుల కొద్దీ పరిశోధనలు కలిపి చూసినప్పుడు తేలిన విషయం. దీని వెనకున్న లెక్క ఇన్సూరెన్స్ వాళ్లదే. బైక్ నడిపే ఇరవై ఏళ్ల కుర్రాళ్లలో ఎంతమంది యాక్సిడెంట్ చేస్తారో కంపెనీకి తెలుసు, మీ అబ్బాయి చేస్తాడో లేదో తెలియదు. ఇదీ అంతే.

ఇంకో మాట, ఈ అంకెల్ని ఎవరైనా చెప్పినప్పుడు 'అంటే వందలో ఎంతమంది మళ్లీ పట్టుబడతారు?' అనే రెండో ప్రశ్న కచ్చితంగా అడగండి. స్కోరు 6 వచ్చినవాళ్లలో ఐదేళ్లలో మళ్లీ లైంగిక నేరంలో పట్టుబడేది సుమారు 20 శాతం. అంటే 'చాలా ఎక్కువ రిస్క్' అని ముద్ర పడ్డ ఐదుగురిలో నలుగురు పట్టుబడరు. మైనస్ 1 వాళ్లలో అయితే 3 శాతం లోపే. 'పట్టుబడటం' అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఈ నేరాల్లో పోలీసుల దాకా రానివే ఎక్కువ, ముఖ్యంగా ఇంట్లోవాళ్లు చేసినవి. అంటే అసలు అంకె ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. స్కేలు తప్పు కాదిది, దానికి పెట్టిన మేతే అంత. కానీ చాలా రిపోర్టుల్లో ఈ సంగతి ఒక్క వాక్యం కూడా ఉండదు.

ఇక దీని పెద్ద లోపం పేరులోనే ఉంది, స్టాటిక్. గతం మారదు. జైల్లో పదేళ్లు ఉండి బుద్ధిగా చికిత్స తీసుకున్నా, గోడకి ఆనుకుని కూర్చుని కాలం గడిపినా, వయసు మార్కు తప్ప ఇంకేమీ కదలదు. అందుకే ఇది ఒక్కటే వాడితే సగం పని. దీనికి జోడీగా స్టేబుల్-2007, అక్యూట్-2007 అని ఇంకో రెండున్నాయి, నిజానికి రిస్క్‌ని అదుపులో పెట్టే పని అక్కడే జరుగుతుంది. స్టేబుల్‌లో 13 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 2: చుట్టూ ఎలాంటి మనుషులున్నారు, ఆవేశం, సమస్య వస్తే ఆలోచించే తీరు, ఆడవాళ్ల మీద పగ, పెద్దవాళ్ల కన్నా పిల్లలతోనే మనసు కలవడం, బాధ కలిగినప్పుడల్లా సెక్స్‌ని మందులా వాడుకోవడం, ఇలాంటివి. ఇవి నెలల్లో, ఏళ్లలో మారతాయి, మార్చడానికి పనిచేయొచ్చు కూడా.

అక్యూట్ ఇంకా నచ్చుతుంది నాకు. ఏడే అంశాలు, కలిసిన ప్రతిసారీ వేయాలి. బాధితులు కాగలవాళ్లకి దగ్గరగా వెళ్లే వీలు పెరిగిందా, కోపం పెరిగిందా, సెక్స్ ఆలోచనలే ముసురుకుంటున్నాయా, పర్యవేక్షణని ఎగ్గొడుతున్నాడా, మనసు కుప్పకూలిందా, అండగా ఉన్నవాళ్లు దూరమయ్యారా, తాగుడో మత్తుపదార్థాలో మొదలయ్యాయా. కాగితం మీద చూస్తే ఇంతే. ఎదురుగా కూర్చున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఎప్పుడూ పది నిమిషాల ముందే వచ్చేవాడు ఆ వారం ఆలస్యంగా వస్తాడు, బస్సు మీద తోస్తాడు, మాటల్లో ఉద్యోగం పోయిందని బయటపడుతుంది, ఫోన్ కనబడట్లేదేమిటంటే పాడైందంటాడు, అన్నయ్య దగ్గరికి వెళ్లట్లేదా అంటే మాట మారుస్తాడు, ఇంకాస్త అడిగితే పక్క ఫ్లాట్‌లో కొత్తగా దిగిన కుటుంబంలో పిల్లలున్నారనీ, సామాన్లు దింపడంలో సాయం చేశాననీ చెబుతాడు. ఫారం లేకపోతే ఇవి విడివిడి కబుర్లు. ఫారం ముందుంటే ఒకే మధ్యాహ్నం నాలుగు గళ్లు నిండుతాయి, సాయంత్రంలోపు ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. స్టాటిక్ స్కోరు ఎంతైనా సరే.

మా పెద్దమ్మ ఫోన్‌లో నా ఉద్యోగం గురించి అడిగి, అంతా విని, "అలాంటోళ్లని ఉరి తీయాలి గానీ మార్కులేంట్రా నాయనా?" అంది. ఆమెతో వాదించలేదు. ఉరి పడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది పెద్దమ్మా, మిగతావాళ్లంతా ఏదో ఒకరోజు బయటికొస్తారు, ఎవరో ఒకరి పక్కింట్లో దిగుతారు, అప్పుడేం చేద్దాం అని మాత్రం అడిగాను. కాసేపాగి, "పోనీ తప్పు ఒప్పుకున్నాడా వాడు? ఒప్పుకుంటే మారినట్టే కదా" అంది. అందరూ అనుకునేది ఇదే, జడ్జీలు, పరోల్ బోర్డులు కూడా. కానీ 1998లో హాన్సన్, బుసియేర్ 61 అధ్యయనాలు కలిపి చూసినప్పుడు, నేరం ఒప్పుకోకపోవడానికీ మళ్లీ చేయడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు, 2005లో ఇంకా పెద్ద లెక్కలో కూడా అంతే. కన్నీళ్లు పెట్టుకుని ఒప్పుకున్నవాడు మళ్లీ చేయొచ్చు, చచ్చేదాకా 'నేను చేయలేదు' అన్నవాడు మళ్లీ ఆ జోలికే పోకపోవచ్చు. ఈ స్కేలులో పశ్చాత్తాపం గడి లేకపోవడం లోపం కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం. ఈ ఒక్కదానికి నేను వీళ్లకి ఫుల్ మార్కులు ఇస్తాను.

కాలం గురించి కూడా చెప్పాలి. 2014లో హాన్సన్ బృందం 7,740 మంది మీద చేసిన లెక్కలో, విడుదలైనప్పుడు ఎక్కువ రిస్క్ ఉన్నవాళ్లలో ఐదేళ్లలో మళ్లీ పట్టుబడ్డది 22 శాతం. అదే రిస్క్‌తో మొదలై, బయట పదేళ్లు ఏ లైంగిక నేరమూ లేకుండా ఉన్నవాళ్లలో ఆ తర్వాతి ఐదేళ్లకి అది 4.2 శాతానికి దిగింది. కానీ పాత స్కోరు ఫైలులో అలాగే ఉండిపోతుంది. పన్నెండేళ్ల క్రితం వేసిన 6ని ఇవాళ కూడా 6 అనే చదివే ఆఫీసులున్నాయి, నేను చూశాను, ఎక్కడో చెప్పను. స్కోరు పక్కన తేదీ చూడకుండా నిర్ణయం తీసుకోవడం పాత రక్తపరీక్ష చూసి మందులు రాసినట్టు కూడా కాదు, అంతకన్నా అన్యాయం, ఎందుకంటే ఆ ఖర్చుతో, ఆ ఆఫీసర్ టైముతో నిజంగా ఈ నెల జారిపోతున్నవాణ్ణి చూసుకోవచ్చు.

మన దగ్గర వాడొచ్చా అని అడిగేవాళ్ల కోసం ఇది. యథాతథంగా అయితే వద్దు. పెద్ద కారణం అందరికీ తెలిసిందే, దీని అంకెలు కెనడా, అమెరికా, యూరప్ ఖైదీల నుంచి వచ్చినవి. కెనడాలోనే ఇది పెద్ద గొడవైంది. మేటిస్ జాతికి చెందిన ఒక ఆదివాసీ ఖైదీ వేసిన ఎవర్ట్ కేసులో 2018 జూన్‌లో సుప్రీంకోర్టు, ఇలాంటి స్కేళ్లు ఆదివాసులకి సరిగ్గా పనిచేస్తాయో లేదో సరిచూసుకోకుండానే జైళ్ల శాఖ వాడుతూ వచ్చిందని తప్పుపట్టింది. స్కేళ్లని నిషేధించలేదు, సరిచూసుకోమంది. సొంత దేశంలోనే ఆ పరిస్థితి అయితే చర్లపల్లికో రాజమండ్రి సెంట్రల్ జైలుకో నేరుగా తెచ్చి పెడితే ఎలా?

దానికన్నా నాకు సరదాగా, కొంచెం భయంగా కూడా అనిపించేది చిన్న చిన్న గళ్ల సంగతి. 'బంధువు కాని బాధితులు' అనే ప్రశ్నకి మాన్యువల్ పెట్టుకున్న గీత ఏమిటంటే, మామూలుగా పెళ్లి కుదరనంత దగ్గర చుట్టరికం ఉంటేనే బంధువు. ఉదాహరణల్లో మామ, బాబాయి వరసలు కూడా ఉంటాయి, అక్కడివాళ్లకి అందరూ అంకుళ్లే కదా. మన ఇళ్లలో మేనమామకి అక్క కూతుర్ని ఇవ్వడం ఇంకా అక్కడక్కడా ఉంది, మేనరికాలు సరేసరి, 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట దాన్ని ఒప్పుకుంటుంది. ఇప్పుడు మేనకోడల్ని వేధించిన మేనమామకి ఆ గడిలో సున్నా వేయాలా ఒకటా? రెండిటికీ వాదన ఉంది, మాన్యువల్ రాసినవాళ్లకి ఈ సందేహం కలలో కూడా వచ్చి ఉండదు. 'రెండేళ్లు కలిసి బతికాడా' అన్నదీ అంతే. అక్కడ అది ఒకరితో నిలకడగా బతకగలడా అని చెప్పే గుర్తు, మన దగ్గర పాతికేళ్లు దాటగానే అమ్మానాన్నలే పెళ్లి చేసేస్తే ఆ మార్కుకి అర్థం ఏం మిగిలింది? పాత కేసుల గడి అయితే ఇంకా ఘోరం, అత్యాచారం కేసుల్లో విచారణ ముగిసినవాటిలో శిక్షలు పడేది సుమారు నాలుగో వంతులోనే అయినప్పుడు, అదీ ఏళ్ల తర్వాత, రికార్డు శుభ్రంగా ఉండటం ఏం చెబుతుంది?

మన ప్రభుత్వం 2018 సెప్టెంబరులో లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ మొదలుపెట్టింది, జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ దగ్గర ఉంటుంది, మొదట్లోనే 4 లక్షలకు పైగా పేర్లు, పోలీసులు మాత్రమే చూడగలరు. జనానికి చూపించకపోవడం సరైన నిర్ణయమే అంటాను, చాలా కేసుల్లో నేరస్తుడి పేరు బయటపడితే బాధితురాలు ఎవరో కూడా ఊరికి తెలిసిపోతుంది. కానీ అది జాబితా, అంచనా కాదు. అందులో ఎవరిని వారానికోసారి చూడాలి, ఎవరిని ఏడాదికోసారి చూస్తే చాలు అని చెప్పేది ఏదీ దానిలో లేదు. మన సొంత అంకెలతో ఇలాంటిదొకటి తయారైతే దాని విలువ అక్కడుంటుంది.

స్కోరు వేసి ఊరుకుంటే సరిపోదు, ఆ తర్వాత ఇచ్చే చికిత్స కూడా పరీక్షకి నిలబడాలి. ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో ఏళ్ల తరబడి నడిపిన కోర్ ఎస్‌ఓటీపీ అనే చికిత్స మీద 2017లో న్యాయశాఖ నివేదిక బయటపెట్టింది. చికిత్స తీసుకున్నవాళ్లలో 10 శాతం, తీసుకోనివాళ్లలో 8 శాతం మళ్లీ లైంగిక నేరం చేశారు. మేలు జరగలేదు సరికదా, కాస్త కీడే కనబడింది. దాన్ని ఆపేసి హొరైజన్, కైజెన్ అని వేరేవి తెచ్చారు. దీనికి పూర్తి వ్యతిరేకం, మా అంటారియోలోని హామిల్టన్‌లో 1994లో ఒక చర్చి పాస్టర్ మొదలుపెట్టిన సర్కిల్స్. నలుగురైదుగురు మామూలు జనం, ట్రైనింగ్ తీసుకుని, ఎక్కువ రిస్క్ ఉన్న ఒకణ్ణి ప్రతి వారం కలుస్తారు, బ్యాంకు అకౌంట్ తెరవడానికి సాయం చేస్తారు, తేడాగా ప్రవర్తిస్తే మొహం మీద అడుగుతారు, అవసరమైతే పోలీసులకి చెబుతారు. మిన్నెసోటాలో లాటరీ పద్ధతిలో మనుషుల్ని రెండు గుంపులు చేసి పరీక్షించినప్పుడు కూడా సర్కిల్ ఉన్నవాళ్లే బాగా తక్కువగా అరెస్టయ్యారు. దానికి వేరే రివ్యూ రాయాలి.

స్టార్లు: స్టాటిక్-99ఆర్ ఒక్కటే అయితే ఐదుకి మూడు. స్టేబుల్, అక్యూట్ జతచేసి, ట్రైనింగ్ ఉన్న మనిషి వాడితే నాలుగు. ఆడవాళ్లకి పనికిరాదు, చిన్నపిల్లల అశ్లీల చిత్రాలు దాచుకున్న కేసు తప్ప ఇంకేదీ లేనివాళ్లకి పనికిరాదు, నేరం చేసినప్పుడు పిల్లవాడిగా ఉన్నవాళ్ల విషయంలో మాన్యువల్ నిబంధనలు విడిగా చదువుకోవాలి. మీరు లాయరో, సోషల్ వర్కరో అయ్యి ఎప్పుడైనా ఇలాంటి రిపోర్టు మీ చేతికొస్తే, చివరి పేజీలో ఉన్న అంకెకి ముందు మూడు చూడండి: ఎవరు వేశారు, ఏ తేదీన వేశారు, ఆ తేదీ తర్వాత అక్యూట్ ఎవరైనా వేశారా. మూడోదానికి 'లేదు' అని వస్తే ఆ రిపోర్టు వెనక్కి పంపి కొత్తది అడగండి.